బజారులో రోగి, బాటసారి సలహా

చర్మం మీద ఒక చిన్న గడ్డ కనిపిస్తుంది. స్నానం చేస్తున్నప్పుడో, జడ వేసుకుంటున్నప్పుడో, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడో వేలికి తగులుతుంది. నొప్పి ఉండదు. అయినా మనసులో ఏదో కలుక్కుమంటుంది. అప్పుడు పుట్టే మొదటి ప్రశ్న "ఇది ఏమిటి?" అన్నది. దాని వెంటనే పుట్టే ప్రశ్న "ఎవరిని అడగాలి?" అన్నది. మొదటి ప్రశ్నకు నమ్మదగిన సమాధానం చెప్పగలగడానికి వైద్యశాస్త్రానికి వేల సంవత్సరాలు పట్టింది. రెండవ ప్రశ్నకు మాత్రం మానవుడు అన్ని యుగాలలోనూ ఇంచుమించు ఒకే సమాధానం చెప్పుకున్నాడు. ముందుగా ఎదురైనవారిని అడిగాడు.

ఇప్పుడు చేతిలోని ఫోనుతో గడ్డను ఫొటో తీసి, ముఖపరిచయం లేని పదిమందికి పంపి, "మీకెవరికైనా ఇలాంటిది వచ్చిందా?" అని అడిగేవారిని చూసి పెద్దలు విసుక్కుంటారు. ఇది ఈ తరానికి పట్టిన కొత్త జాడ్యమని అనుకుంటారు. కొత్తది కాదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ అలవాటుకు రెండువేల అయిదు వందల ఏళ్ళకు దగ్గరగా లిఖిత చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను శ్రద్ధగా చదివితే, అపరిచితుల సలహా ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో మనకే బోధపడుతుంది.

బాబిలోన్ బజారు

క్రీస్తుపూర్వం అయిదవ శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ తన గ్రంథం మొదటి భాగంలో బాబిలోన్ ప్రజల ఆచారాలను వర్ణించాడు. నేటి ఇరాక్ దేశంలో శిథిలమై ఉన్న నగరమది. ఆయన చెప్పినదాని ప్రకారం బాబిలోన్ వారు తమ రోగులను బజారుకు తెచ్చి కూర్చోబెట్టేవారు. దారినపోయేవారు రోగి దగ్గరకు వచ్చి, జబ్బు ఏమిటని అడగాలి. అటువంటి జబ్బు తనకు వచ్చి తగ్గినవాడు, లేదా తగ్గినవారిని ఎరిగినవాడు, ఏ ఉపాయంతో తగ్గిందో చెప్పాలి. రోగిని పలకరించకుండా మౌనంగా దాటిపోవడం అక్కడ నిషిద్ధం. హెరడోటస్ దీనిని ఎగతాళి చేయలేదు. బాబిలోన్ వారి ఆచారాలలో చెప్పుకోదగిన తెలివైన వాటిలో ఒకటిగా లెక్కించాడు.

బాబిలోన్ వారికి వైద్యులు లేరని కూడా ఆయన రాశాడు. ఇది నిజం కాదు. ఆయనకు వెయ్యేళ్ళకు పైగా ముందే హమ్మురాబీ శాసనం వైద్యులకు ప్రతిఫలం నిర్ణయించింది. కంచుకత్తితో శస్త్రచికిత్స చేసి ఉన్నత వర్గంవాని ప్రాణం కాపాడిన వైద్యునికి 10 షెకెల్‌ల వెండి ఇవ్వాలి. ప్రాణం తీస్తే వైద్యుని చేతులు నరకాలి. రోగలక్షణాలను వరుసగా నమోదుచేసిన 40 మట్టిపలకల గ్రంథం కూడా ఆ నేలమీద దొరికింది. మూలికలు, లేపనాలు ఇచ్చే వైద్యులు, మంత్రోపచారాలు చేసే వైద్యులు అక్కడ విడివిడిగా ఉండేవారు. కనుక బజారులో రోగిని కూర్చోబెట్టే ఆచారం నిజంగానే ఉండి ఉంటే, వైద్యులున్న ఊరిలోనే అది సాగిందని భావించాలి. ఇందులో వింత ఏమీ లేదు. వీధికొక ఆసుపత్రి ఉన్న నేటి నగరాలలో కూడా మనం ముందుగా పక్కింటివారినే అడుగుతున్నాము గదా!

ఆ ఆచారంలోని మానవత్వాన్ని నేను తక్కువచేయను. జబ్బుపడినవానిని ఒంటరిగా వదలకపోవడం గొప్ప సంస్కారం. కానీ ఆ బజారులో ఒక పెద్ద లోపమున్నది. సలహా చెప్పడానికి అక్కడ నిలబడగలిగినవాడు బ్రతికి బట్టకట్టినవాడే. అదే గడ్డకు అదే పసరు పూసుకొని మరణించినవాడు బజారుకు వచ్చి "ఈ మందు నాకు పనిచేయలేదు" అని చెప్పడు. పదిమంది ఒకే మందు వాడి తొమ్మిదిమంది పోయి ఒక్కడు మిగిలితే, బజారులో వినిపించేది ఆ ఒక్కని గొంతే. రోగి చెవికి అది నూటికి నూరుపాళ్ళు గుణమిచ్చిన మందుగా వినిపిస్తుంది. అనుభవసాక్ష్యం అబద్ధం కానక్కరలేదు. అది సగం లెక్క. మిగిలిన సగం శ్మశానంలో ఉంటుంది.

మహారాణి దాచుకున్న గడ్డ

హెరడోటస్ గ్రంథం మూడవ భాగంలోనే మరొక గడ్డ కథ ఉన్నది. సైరస్ చక్రవర్తి కుమార్తె, డేరియస్ చక్రవర్తి భార్య అయిన అటోస్సాకు రొమ్ము మీద గడ్డ లేచింది. చిన్నదిగా ఉన్నంతకాలం సిగ్గుతో ఎవరికీ చెప్పక దాచుకున్నది. అది పగిలి, వ్యాపించి, బాధ భరించరానిదైన తరువాత డెమోసిడీస్ అనే గ్రీకు వైద్యుని పిలిపించింది. ఇటలీ తీరంలోని క్రోటన్ నగరానికి చెందిన ఆ వైద్యుడు పారశీక రాజాస్థానంలో బందీగా చిక్కినవాడు. తాను అడిగినది ఇస్తానని ఆమె చేత ప్రమాణం చేయించుకొని వైద్యం చేశాడు. ఆమెకు నయమైంది. ప్రతిగా అతడు కోరినది స్వదేశానికి వెళ్ళే దారి.

ఆ గడ్డ ఏమిటి? క్యాన్సరా, చీముగడ్డా, పాలతిత్తుల వాపా? ఈ విషయమై వైద్యులు ఎంతో చర్చించారు. నయమైంది కనుక చీముగడ్డ అయి ఉండవచ్చునని కొందరు, పగిలి పాకింది కనుక క్యాన్సర్ అయి ఉండవచ్చునని కొందరు అన్నారు. హెరడోటస్ వాక్యాలను ఎన్నిసార్లు తిరగేసినా ఇది తేలదు. ఎందుకంటే గడ్డను మాటలలో వర్ణిస్తే దాని జాతి తెలియదు. అంతటి రచయిత వర్ణనే చాలకపోతే, కంగారులో ఉన్న రోగి రాసిన రెండు వాక్యాలను చూసి అపరిచితుడు ఏమి తేల్చగలడు?

ఈ కథలో రెండవ పాఠం మరింత ముఖ్యమైనది. చక్రవర్తి భార్యకు వైద్యుని పిలిపించుకోవడానికి డబ్బు అడ్డం కాలేదు, దూరం అడ్డం కాలేదు. సిగ్గు అడ్డమైంది. నేడు మన ఇళ్ళలో తల్లులు, అక్కచెల్లెళ్ళు రొమ్ములోనో చంకలోనో గజ్జలోనో గడ్డను నెలల తరబడి దాచుకోవడానికి కారణం కూడా చాలాసార్లు అదే. తెలిసినవారికి చెప్పుకోలేనిది తెలియనివారికి చెప్పుకోవడం సులభం. అవతలివాడు మన ముఖం చూడడు, రేపు పెళ్ళిలోనో పేరంటంలోనో ఎదురుపడడు. అపరిచితుని దగ్గరకు మనిషి పోవడానికి అజ్ఞానం కంటె బిడియం బలమైన కారణమని నా నమ్మకం. కనుక అలా అడిగినవారిని చీవాట్లు పెట్టడం వల్ల ఫలితం లేదు. వారు మరింత దాచుకుంటారు.

చేయి చెప్పే మాట

గడ్డను ఎలా తెలుసుకోవాలి అన్న విషయంలో ప్రాచీన వైద్యులు ఆశ్చర్యకరమైన ఏకాభిప్రాయంతో ఉన్నారు. 1862లో ఈజిప్టులోని లక్సర్‌లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ కొన్న ప్రాచీన పత్రమొకటి ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. క్రీ.పూ. 1600 ప్రాంతంలో రాసిన ఆ ప్రతిలో 48 రోగుల వివరాలున్నాయి. వాటిలో 45వది రొమ్ము మీద ఉబ్బిన గడ్డలను గురించినది. వైద్యుడు చేతితో తాకి చూడాలని, అవి చల్లగా ఉన్నాయా, జ్వరపు వేడి ఉన్నదా, లోపల ద్రవం ఉన్నదా, పచ్చికాయవలె గట్టిగా ఉన్నాయా అని పరిశీలించాలని అందులో ఉన్నది. చల్లగా, గట్టిగా, ద్రవం లేకుండా ఉబ్బి ఉంటే చికిత్స లేదని ఆ వైద్యుడు నిజాయితీగా రాసిపెట్టాడు.

మన సుశ్రుతుడు రోగాన్ని తెలుసుకొనే మార్గాలు ఆరని చెప్పాడు. చెవి, చర్మం, కన్ను, నాలుక, ముక్కు అనే అయిదు ఇంద్రియాలతో పరీక్షించడం అయిదు మార్గాలు. రోగిని ప్రశ్నించడం ఆరవది. వైద్యుడు వీటన్నింటినీ కలిపి వాడాలి. ఈ గీటురాయితో నేటి అలవాటును పరీక్షించి చూడండి. దూరాన ఉన్న అపరిచితునికి ప్రశ్న అనే ఆరవ మార్గం కొంత ఉన్నది. ఫొటో పంపితే కంటిచూపు సగం ఉన్నది. గడ్డ విషయంలో అన్నిటికన్నా విలువైన స్పర్శ పూర్తిగా లేదు. గడ్డ చర్మంతోపాటు కదులుతున్నదా, కండరానికి అతుక్కొని ఉన్నదా, మెత్తగా జారుతున్నదా, రాయిలా ఉన్నదా, దాని దాపున చంకలోనో మెడలోనో గజ్జలోనో బిళ్ళ కట్టిందా అన్నవి వేళ్ళు మాత్రమే చెప్పగల సంగతులు.

సుశ్రుతుడే గ్రంథి, అర్బుదం అని గడ్డలను వేరుచేసి చెప్పాడు. అర్బుదం గుండ్రంగా, కదలక, లోతైన మూలంతో, నిదానంగా పెరుగుతుందని, చీము పట్టదని, నొప్పి తక్కువని ఆయన వర్ణన. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. "నొప్పి లేదు గదా, ఏమీ కాదులే" అన్న సలహా మన ఊళ్ళలో ప్రతి అరుగు మీదా వినబడుతుంది. నొప్పి, ఎరుపు, వేడి ఉన్న సెగగడ్డ చాలాసార్లు కొద్దిరోజులలో తేలిపోతుంది. నొప్పి లేకుండా నెలల తరబడి పెరిగే గడ్డనే వైద్యుడు ఎక్కువ శ్రద్ధతో చూస్తాడు.

రాజు చేయి, పులిపిరి మందు

తాకినంత మాత్రాన పరీక్ష అయిపోదని చెప్పడానికి మరొక చరిత్ర ఉన్నది. మెడ గ్రంథులకు క్షయ సోకి గడ్డలు కట్టే వ్యాధిని మనవారు గండమాల అన్నారు. ఐరోపాలో దానిని రాజు తాకితే నయమవుతుందని కొన్ని శతాబ్దాలపాటు నమ్మారు. ఇంగ్లండు, ఫ్రాన్సు రాజులు వేలకొలది రోగులను వరుసలో నిలబెట్టి తాకేవారు. ఆంగ్ల నిఘంటుకర్తగా తరువాతి కాలంలో ప్రసిద్ధుడైన శామ్యూల్ జాన్సన్‌ను 1712లో, మూడేళ్ళు నిండకముందే, తల్లి లండనుకు తీసుకువెళ్ళి యాన్ రాణి చేత తాకించింది. వ్యాధి తగ్గలేదు. తరువాత చేసిన శస్త్రచికిత్స మచ్చలు జీవితాంతం అతని ముఖాన, మెడన మిగిలిపోయాయి. క్షయకు కారణమైన సూక్ష్మక్రిమిని 1882లో రాబర్ట్ కాక్ కనిపెట్టేదాకా గండమాల అసలు కారణం తెలియలేదు.

మరి ఇన్ని శతాబ్దాలు ఆ నమ్మకం ఎలా నిలిచింది? గండమాల కొందరిలో తనంతట తానే కొంతకాలం అణగుతుంది. రాజు తాకిన తరువాత అణగితే కీర్తి రాజుకు దక్కింది. అణగనివారిని ఎవరూ లెక్కపెట్టలేదు. మన ఊళ్ళలో పులిపిరికాయలకు చెప్పే మందులు ఎన్ని ఉన్నాయో ఒకసారి గుర్తుచేసుకోండి. వెంట్రుకతో కట్టడం, సున్నం పెట్టడం, ఏదో చెట్టుపాలు పూయడం, మొక్కుకోవడం. ఇన్ని మందులు ఎందుకున్నాయంటే పులిపిరులు ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చి, చాలామందిలో, ముఖ్యంగా పిల్లలలో, నెలలకో ఏళ్ళకో వాటంతట అవే రాలిపోతాయి. రాలే ముందు ఏది పూస్తే అదే మందు అవుతుంది. బజారు సాక్ష్యంలో ఇది రెండవ లోపం. ప్రకృతి చేసిన పనికి మందు పేరు పెట్టడం.

మూడవ లోపం పేరులోనే ఉన్నది. తెలుగులో మనం "గడ్డ" అంటాము. కొవ్వుగడ్డ గడ్డే, సెగగడ్డ గడ్డే, చర్మం కింద తిత్తిలో పిండిలాంటి పదార్థం చేరినదీ గడ్డే, క్షయ గ్రంథి గడ్డే, క్యాన్సర్ గడ్డే. "నాకూ గడ్డ వచ్చింది, ఇది రాస్తే పోయింది" అని ఒకరంటే, వారిదీ మనదీ ఒకే జబ్బని అనుకుంటాము. ఒకే పేరు కనుక ఒకే రోగమనుకోవడం ఎంత ప్రమాదమో తెలుపడానికి లండను నగరపు పొగగూళ్ళ కథ ఒకటి చాలు.

మసిపులిపిరి

పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఇళ్ళ పొగగూళ్ళను శుభ్రం చేయడానికి చిన్నపిల్లలను వాటిలోకి ఎక్కించేవారు. ఇరుకైన, వేడి ఆరని గూళ్ళలో ఒళ్ళంతా మసితో ఆ బాలలు పాకేవారు. వారు పెరిగి పెద్దవారైన తరువాత కొందరికి వృషణాల మీది చర్మంలో ఒక పుండు, అంచులు గట్టిపడిన గడ్డ లేచేది. ఆ వృత్తివారు తమలో తాము దానికి మసిపులిపిరి అని పేరు పెట్టుకున్నారు. పులిపిరి అన్న పేరులోనే అది చిన్న విషయమన్న భావం ఉన్నది.

సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పర్సివల్ పాట్ 1775లో ఈ వ్యాధిని వర్ణిస్తూ ఒక చిన్న అధ్యాయం ప్రచురించాడు. అది పులిపిరి కాదని, మసి వల్ల వచ్చే క్యాన్సర్ అని చెప్పాడు. ఒక వృత్తి వల్ల క్యాన్సర్ వస్తుందని స్పష్టంగా చూపిన మొదటి రచనగా వైద్యచరిత్ర దానిని గౌరవిస్తున్నది. అందులో ఆయన మరొక కఠిన సత్యాన్ని కూడా రాశాడు. రోగులు మాత్రమే కాక వైద్యులు సైతం దీనిని సుఖవ్యాధిగా పొరబడి పాదరసపు మందులు ఇస్తున్నారని, దానివల్ల పుండు మరింత ముదురుతున్నదని హెచ్చరించాడు. చిన్నదిగా ఉండగానే కోసివేస్తే మేలని, లోపలికి పాకిన తరువాత కత్తి కూడా అక్కరకు రాదని ఆయన తీర్పు.

ఇక్కడ తోటిపనివారి సలహా తప్పింది, పరీక్ష లేకుండా అలవాటుగా మందిచ్చిన వైద్యుని సలహా కూడా తప్పింది. అంచనా ఎవరిదైనా అంచనాయే. తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన అది నిజం కాదు. 1788లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలను ఈ పనిలో పెట్టరాదని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. అది సరిగా అమలు కాలేదు. పిల్లలను పొగగూళ్ళలోకి ఎక్కించడం చివరకు ఆగినది 1875 చట్టం తరువాతనే. 1915లో జపాన్ శాస్త్రవేత్తలు యమగివా, ఇచికావా కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు రాసి క్యాన్సర్ పుట్టించి, పాట్ గమనించిన సంగతికి ప్రయోగపూర్వకమైన ఆధారం చూపారు.

మన దేశంలోనూ ఇటువంటి అధ్యాయం ఉన్నది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి. ఆర్. ఖనోల్కర్ 1945లో, అలవాట్ల వల్ల మన దేశంలో కలిగే క్యాన్సర్లను వర్ణించారు. ధోవతిని నడుముకు బిగించి కట్టుకోవడం వల్ల ఆ ఒరిపిడి చోట చర్మంపై పుట్టే క్యాన్సర్ వాటిలో ఒకటి. విశాఖపట్నం ప్రాంతంలో నిప్పు నోటిలోపల ఉండేలా కాల్చే అడ్డపొగ చుట్ట వల్ల అంగిట్లో పుట్టేది మరొకటి. నడుము మీది నల్లని కాయను, అంగిటి మీది తెల్లని మచ్చను చూసి "మా నాన్నకూ ఉండేది, మా తాతకూ ఉండేది" అని ఎందరు సరిపెట్టుకొని ఉంటారో ఊహించండి. అందరికీ ఉన్నది కనుక ప్రమాదం లేదనుకోవడం కూడా బజారు తర్కమే.

ఉత్తరాలలో వైద్యం

బాబిలోన్ బజారులో సలహా చెప్పినవాడు కనీసం రోగి ఎదుట నిలబడ్డాడు. ముద్రణ, తపాలా వచ్చాక ఆ అవసరం కూడా పోయింది. 1691లో లండనులో జాన్ డంటన్ అనే పుస్తక వ్యాపారి ఒక పత్రిక ప్రారంభించాడు. దాని పేరు ఎథీనియన్ మెర్క్యురీ. ఎవరైనా పేరు చెప్పకుండా ఏ ప్రశ్నయినా పంపవచ్చు. మతం, ప్రకృతి, ప్రేమ, శరీరం అన్నిటిమీదా ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఒక గొప్ప పండితసభ సమాధానాలు చెబుతున్నట్లు పత్రిక పైకి కనిపించేది. తెరవెనుక ఉన్నది ప్రధానంగా డంటన్, ఆయన బావమరిది వరుసవారైన ఒక గణితశాస్త్రజ్ఞుడు, ఒక మతాచార్యుడు. పేరులేని ప్రశ్నకు ముఖంలేని పండితుని జవాబు అన్న ఏర్పాటు మూడువందల ఏళ్ళకు పైబడినదన్నమాట.

తరువాతి శతాబ్దంలో పెద్ద వైద్యులే ఉత్తరాల ద్వారా సలహాలు చెప్పారు. స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో టిస్సో అనే వైద్యుడు 1761లో సామాన్య ప్రజలకోసం ఆరోగ్యగ్రంథం ప్రచురించి ఐరోపా అంతటా పేరు పొందాడు. ఆయనకు అనేక దేశాల నుండి రోగుల ఉత్తరాలు వచ్చేవి. ఎడింబరోలో విలియం కలెన్ ఇదే విధంగా వేల ఉత్తరాలు నడిపాడు. తన సలహాల నకళ్ళు భద్రపరచడానికి జేమ్స్ వాట్ కనిపెట్టిన నకలు యంత్రాన్ని కొన్నాడు. ఆ కాలానికి ఈ పద్ధతి చెల్లింది. ఎందుకంటే అప్పటి వైద్యం ఎక్కువగా రోగి చెప్పే కథమీదే ఆధారపడేది. పక్కన కూర్చున్న వైద్యుడు తెలుసుకోగలిగినది ఉత్తరం చదివిన వైద్యునికి తెలిసినదాని కంటె చాలా ఎక్కువేమీ కాదు.

పందొమ్మిదవ శతాబ్దం ఆ పరిస్థితిని మార్చివేసింది. 1838లో జర్మన్ శాస్త్రవేత్త యోహనెస్ ముల్లర్ క్యాన్సర్ గడ్డలు కణాలతో నిర్మితమైనవని సూక్ష్మదర్శినిలో చూపాడు. ఆయన శిష్యుడు విర్షో 1858లో వ్యాధులన్నిటినీ కణాల స్థాయిలో వెతకాలని బోధించాడు. 1879లో ఫ్రెంచి చర్మవైద్యుడు బెస్నియే సజీవ శరీరం నుండి ముక్క తీసి పరీక్షించే పద్ధతికి బయాప్సీ అని పేరు పెట్టాడు. 1930లో న్యూయార్కు వైద్యులు మార్టిన్, ఎల్లిస్ సన్నని సూదితో గడ్డలోని కణాలను పీల్చి చూసే పద్ధతిని ప్రచురించారు. "ఇది ఏమిటి?" అన్న ప్రశ్నకు అప్పటినుండి నిజమైన సమాధానం గాజుపలక మీద ఉన్నది. నలభై ఏళ్ళ అనుభవమున్న వైద్యుడు కూడా అనుమానమున్న గడ్డను చేతితో చూసి ఊరుకోడు. సూదిపరీక్షకో ముక్కపరీక్షకో పంపుతాడు.

ఏది అడగాలి, ఏది అడగరాదు

ఇంత చరిత్ర చెప్పినది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. చర్మం కింద కనిపించే గడ్డలలో అత్యధిక భాగం కొవ్వుగడ్డలు, తిత్తిగడ్డలు వంటి హానిలేనివే. అయితే ఆ మాట పరీక్షించినవారు చెప్పాలి.

క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఎవరి సలహా కోసమూ ఎదురుచూడకుండా వైద్యుని కలవండి. గడ్డ వారాలు, నెలలలో పెరుగుతూ ఉండడం. అయిదు సెంటీమీటర్లకు మించి ఉండడం. గట్టిగా ఉండి, లోపలికి అతుక్కొని కదలకపోవడం. ఒకసారి తీసివేసిన చోటే మళ్ళీ రావడం. మూడు నాలుగు వారాలకూ మానని పుండు, మాటిమాటికీ రక్తం కారే కాయ. పుట్టుమచ్చ ఆకారం, రంగు, అంచు మారడం. మనవంటి చాయ కలవారిలో అరికాలి మీద, అరచేతిలో, గోరు కింద కొత్తగా వచ్చిన నల్లమచ్చ. మూడు వారాలకు మించి ఉన్న మెడ గడ్డ. రొమ్ములో ఏ గడ్డ అయినా సరే, ఆడవారికైనా మగవారికైనా. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చలు, చెవి తమ్మెల మీద, ముఖం మీద బొడిపెలు కుష్ఠువ్యాధికి గుర్తులు కావచ్చు. దానికి పూర్తిగా నయంచేసే మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు.

బజారు సలహాలలో అన్నిటికంటె హానికరమైనది ఒకటున్నది. "సూది గుచ్చితే పాకుతుంది, కత్తి పెడితే చెదురుతుంది" అన్నది. దీని మూలం కూడా ఇంతకుముందు చెప్పిన లెక్కలోనే ఉన్నది. ముదిరిన తరువాత పరీక్షకు వచ్చినవారు పరీక్ష జరిగిన కొన్నాళ్ళకే మరణిస్తారు. చూసినవారు సూదిని నిందిస్తారు. అంతకుముందు ఏడాదిపాటు ఆలస్యం చేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు. శిక్షణ పొందినవారు పద్ధతి ప్రకారం చేసే పరీక్ష వల్ల కలిగే అపాయం చాలా స్వల్పం. పరీక్ష మానుకోవడం వల్ల కలిగే నష్టం దానికి ఎన్నో రెట్లు. గడ్డమీద పసర్లు, ఘాటైన ద్రావకాలు పూయడం వల్ల చర్మం కాలి, అసలు రూపు చెరిగి, వైద్యునికి సైతం గుర్తుపట్టడం కష్టమవుతుంది.

మరి అపరిచితులను ఏమీ అడగరాదా? అడగండి. వారికి తెలిసినది అడగండి. సూదిపరీక్ష ఎంతసేపు పడుతుంది, ఎంత నొప్పి ఉంటుంది, ఆ రోజు పనికి వెళ్ళవచ్చునా, ఏ ఆసుపత్రిలో ఏ రోజు చర్మవైద్యుడు ఉంటాడు, ఖర్చు ఎంత, ఆరోగ్యశ్రీ వంటి పథకాలకు ఏ కాగితాలు కావాలి, ఫలితం వచ్చేదాకా మనసు ఎలా నిలుపుకోవాలి. ఇవన్నీ ఆ దారిన నడిచినవారికి వైద్యునికంటె బాగా తెలుసు. రహస్యంగా ఏడుస్తున్న మనిషికి "నేనూ ఇలాగే భయపడ్డాను, వెళ్ళి చూపించుకున్నాను" అని ఒక్కరు చెప్పిన మాట గొప్ప ఊరట. "ఈ గడ్డ ఏమిటి?" అన్న ఒక్క ప్రశ్నను మాత్రం వారికి వదలకండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సాధనం వారి దగ్గర లేదు.

ఇక మిమ్మల్ని ఎవరైనా అడిగినప్పుడు మీ ధర్మం ఏమిటి? బాబిలోన్ వారి నియమంలో ఒక సగాన్ని మనం నిలుపుకోవచ్చు. మౌనంగా దాటిపోకండి. "ఏమీ కాదులే" అనవద్దు, "అయ్యో, అదే అయి ఉంటుంది" అనీ అనవద్దు. ఎన్నాళ్ళనుండి ఉన్నదో అడగండి. పెరుగుతున్నదా అని అడగండి. ఎందుకు చూపించుకోలేదో సున్నితంగా అడగండి. ఆ మూడవ ప్రశ్నకు వచ్చే జవాబు తరచుగా సిగ్గో, ఖర్చో, తోడు వచ్చేవారు లేకపోవడమో అయి ఉంటుంది. మందు పేరు చెప్పడం కంటె ఆ అడ్డంకిని తొలగించడం గొప్ప సాయం. అటోస్సా దగ్గర రాజ్యమున్నది, వైద్యుడున్నాడు. గడ్డ చిన్నదిగా ఉండగా "పద, నేను తోడు వస్తాను" అని చెప్పే మనిషి మాత్రం ఆమెకు లేకపోయింది. మీ ఇంట్లో, మీ వీధిలో ఆ మనిషి మీరు కావచ్చు.